చుట్టూ మంచే.. మరి ఇంజిన్ ఎందుకు మరుగుతోంది?

బయట మైనస్ 15 డిగ్రీలు. ఎటు చూసినా మంచే. అలాంటి చోట స్నోమొబైల్‌లో టెంపరేచర్ లైట్ వెలిగితే, సెన్సర్ పోయిందేమో అనుకుంటాం. చాలాసార్లు సెన్సర్ నిజమే చెబుతుంటుంది.

1959లో కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ స్కీ-డూ తెచ్చినప్పుడు ఇంజిన్ చిన్నది, గాలికే చల్లబడేది. ఇప్పటి పవర్‌ఫుల్ బళ్లకి గాలి చాలదు, కూలెంట్ కావాలి. కానీ వీటిలో చాలావాటికి కారుకున్నట్టు ముందు పెద్ద రేడియేటర్ ఉండదు. సీటు కింద, రబ్బరు ట్రాక్‌కి పైకప్పులా ఉండే భాగాన్ని టన్నెల్ అంటారు. అల్యూమినియం హీట్ ఎక్స్ఛేంజర్లు అక్కడుంటాయి. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ వాటిలోంచి పారుతుంది. ట్రాక్ ఎగజిమ్మే మెత్తటి మంచు వాటికి తగిలి, కరిగి, ఆ వేడిని లాగేస్తుంది. అంటే చుట్టూ చలి ఉంటే సరిపోదు, మంచు వెళ్లి అక్కడ తగలాలి.

గడ్డకట్టిన సరస్సు మీద ఎగజిమ్మడానికి మెత్తటి మంచు ఎక్కడిది? ఉత్తర మిన్నెసోటాలో ఫ్రెండ్స్‌తో అద్దె బళ్ల మీద వెళ్లినప్పుడు మాకు జరిగిందిదే. సరస్సు మధ్యలో లైట్ వెలిగింది. కోడ్‌లో బగ్ వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఎప్పుడు వస్తోంది? స్పీడ్ తగ్గించి ఒడ్డున మెత్తటి మంచులోకి తిప్పాం. కాసేపటికి లైట్ ఆరిపోయింది. అంటే రిపేర్ లేదు, మంచు తగలకపోవడమే సమస్య. తిరిగొచ్చేటప్పుడు ఐస్ స్క్రాచర్లు దించాం. స్ప్రింగుల్లాంటి ఈ సన్నటి కడ్డీలు ఐస్‌ని గీకుతూ, ఆ పొడిని ట్రాక్ వైపు చిమ్ముతాయి.

మెత్తటి మంచులో కూడా లైట్ ఆరకపోతే? ఇంజిన్ ఆపేయండి. ట్రాక్ పూర్తిగా ఆగాక టన్నెల్ లోపలికి మంచు తోయండి. ఇంజిన్ మీద మాత్రం పోయొద్దు, లోహం ఒక్కసారిగా చల్లబడితే పగలొచ్చు. వేడి మీద కూలెంట్ మూత అస్సలు తీయొద్దు, ప్రెషర్‌తో ఎగదన్నుతుంది. చల్లారాక లెవెల్ చూడండి. తగ్గితే ఉత్త నీళ్లు పోస్తే గడ్డకడతాయి, యాంటీఫ్రీజ్ కలిపిందే పోయాలి. బయట ఎక్కడా లీక్ లేకుండా లెవెల్ పడిపోతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి.

లెవెల్ బాగానే ఉంది, ఇంజిన్ కాలిపోతోంది, టన్నెల్ మాత్రం చల్లగా ఉందా? కూలెంట్ తిరగట్లేదన్నమాట. థర్మోస్టాట్ తెరుచుకోకపోవచ్చు, వాటర్ పంప్ పోయుండొచ్చు, లైన్‌లో గాలి చేరుండొచ్చు. అది మెకానిక్ పని.

“ఇంకో రెండు కిలోమీటర్లేగా, లాగించేద్దాం” అని మాత్రం అనుకోకండి. ఇంజిన్ సీజ్ అయితే ఆ చలిలో, మోకాలి లోతు మంచులో నడవాలి. చలికాలం అక్కడ త్వరగా చీకటి పడుతుంది, చలికి ఫోన్ బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. అందుకే బయల్దేరే ముందే రెండు విషయాలు చూసుకోండి: కూలెంట్ లెవెల్ సరిగ్గా ఉందా, బండికి స్క్రాచర్లు ఉన్నాయా. అద్దె బండైతే ఇంకా గట్టిగా అడగండి.