పెద్దల సభలో ఉపాధ్యాయులు

శాసనమండలి యలంకారప్రాయమని తేలికగా మాటాడువారు కలరు. ఉత్తరాంధ్ర విద్యావంతులు మాత్ర మట్లు తలపలేదు. 2023 మార్చిలో అర్థశాస్త్రోపన్యాసకులు శ్రీ వేపాడ చిరంజీవిరావుగారిని పట్టభద్రుల స్థానమునకు బంపిరి. ఉపాధ్యాయ స్థానమున 2019లో శ్రీ గాదె శ్రీనివాసులునాయుడుగారిని గాదని శ్రీ పాకలపాటి రఘువర్మగారి నెన్నుకొనినవారు, 2025లో ఆ తీర్పును దిరుగవ్రాసి శ్రీ నాయుడుగారిని మరల గెలిపించిరి. ఈ వోటర్లు నిదురించుట లేదనుట కింతకన్న నిదర్శన మేల?

ఈ స్థానముల బలమెంత? 58 మంది గల మండలిలో పట్టభద్రుల ప్రతినిధు లైదుగురు, ఉపాధ్యాయుల ప్రతినిధు లైదుగురు. ద్రవ్యబిల్లును ద్రోసివేయు నధికారము మండలికి లేదు. సాధారణపు బిల్లును మొదట మూడు నెలలు, రెండవమాఱు ఒక నెల నిలుపగలదు, అంతియే. సంఖ్యాబలము లేనిచోట శరణ్యము వాదబల మొక్కటియే. బోధకుని నీ సభకు బంపుటలోని యౌచిత్య మిదియే.

అయిన నొక చిక్కు కలదు. రాజ్యాంగము 171వ అధికరణము ననుసరించి, సెకండరీ స్థాయికి దక్కువ గాని విద్యాలయములందు బోధించువారికే యుపాధ్యాయ నియోజకవర్గమున వోటు. ఓనమాలు దిద్దించు ప్రాథమికోపాధ్యాయునకు లేదు. 2022 నాటి 117వ జీవో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు దరలింపబూనినపుడు కుదుపునకు లోనైనవి పల్లెల బడులే. ఆ యుత్తరువు 2025లో రద్దయినది. కాని యట్టి నిర్ణయములు మరల రావని యెవరు చెప్పగలరు? వచ్చిననాడు వోటులేని యా పంతులు పక్షమునను, అసలు వోటే యెఱుగని యా పసివాని పక్షమునను నిలుచువా రెవరు?

బదిలీలు, జీతములు, 2004 నుండి నియమితులైన యుద్యోగుల పింఛను సమస్య, ఇవి న్యాయమైన కోరికలే. వానిని వినిపించుట ప్రతినిధి ధర్మము. అంతటితోనే ధర్మము తీరినదనుకొనిన, శాసనసభ్యునకును సంఘ కార్యదర్శికిని భేదముండదు.

విశాఖపట్టణమున కీ విషయమున నొక పూర్వాదర్శము కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో వాదపటిమ జూపిన పిదప, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు బ్రథమోపాధ్యక్షులైరి. 1930లో బ్రిటిషు ప్రభుత్వ దమననీతిని నిరసించి యా పదవిని వదలుకొనిరి. దానివలన వారికి గొఱత కలిగెనా? 1936లో అదే పీఠము వారిని మరల వరించెను. పదవికన్న విద్యాలయ గౌరవము గొప్పదని నమ్మినవారి కథ యిది.

నేటి ప్రతినిధుల నట్టి త్యాగము జేయుడని యెవ్వరు నడుగుటలేదు. ఆఱేండ్ల పదవీకాలమున తమకు వోటు వేయజాలని బడుల గుఱించియు సభలో లెక్కలతో, నిర్భయముగా బ్రశ్నింపుడని మాత్రమే యడుగుచున్నాము. వోటర్ల జాబితా ప్రతి యెన్నికకు గ్రొత్తగా దయారగును. పేరు నమోదు చేసికొనని పట్టభద్రునకు బిమ్మట ఫిర్యాదుచేయు హక్కు లేదు. జాగరూకుడైన వోటరు, స్వతంత్రుడైన ప్రతినిధి, ఈ యిరువురును గలసిననాడే పెద్దల సభ పేరునకు దగిన సభ కాగలదు.