ఓడల నిర్మాణము - మన సంకల్పము

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున సింధియా కంపెనీవారు కట్టిన "జలఉష" యను ఓడను జవహర్లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. దక్షిణ కొరియాలోని ఉల్సానులో ఓడల కార్ఖానాకు 1972లోగాని పునాది పడలేదు. అయినను నేడు లోకమున కట్టబడు ఓడలలో నూటికి తొంబదికి పైగా చీనా, కొరియా, జపానులవే. మనవి నూటికి ఒకటియైన లేవు.

వారికిని ప్రభుత్వసాయము కలదు. కాని యా సాయముతో వారు పరదేశపు బేరమునకు దిగిరి. మనవారు ప్రధానముగా స్వదేశపు ఆర్డర్లతో తృప్తిపడిరి. ఓడ కొనువాడు దేశాభిమానమును కొనడు. చెప్పిన వెలకు, చెప్పిన దినమునకు వచ్చు ఓడను కొనును.

2047 నాటికి మొదటి యైదు దేశములలో నిలువవలెనని మన ప్రభుత్వము సంకల్పించినది. అందులకు ధనమొక్కటే చాలదు. విద్యార్థులారా! కొలత తప్పని చేయియు, గడువు తప్పని మాటయు కావలయును. వాని నభ్యసించుటకు పాఠశాలయే తగిన చోటు.