చుక్కల లెక్క

బాలలారా! మీ ఇంట్లో ఫొటోలు తీసుకోవటానికి చిన్న డిజిటల్ కెమెరా కొనదలచారా? దుకాణంలో ముందుగా, "దీనికి ఇన్ని మెగాపిక్సెళ్ళు!" అంటారు. తొందరపడక ఒక లెక్క కట్టండి. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు గల ఫొటో అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. 1800ని 1200తో హెచ్చిస్తే 21,60,000. అంటే రెండు మెగాపిక్సెళ్ళకు కాస్త ఎక్కువ, అంతే!

మరి దేనికి డబ్బు పెట్టాలి? వెలుతురును పట్టే సెన్సారు పెద్దదైతే, రాత్రి దీపం వెలుగులో కూడా బామ్మ ముఖం చక్కగా పడుతుంది. జూము కటకాలతో జరిగేదై ఉండాలి. డిజిటల్ జూము ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది.

చివరకు కెమెరాను బామ్మ చేతికే ఇచ్చి చూడండి. ఆవిడ సులువుగా మీట నొక్కగలిగితే అదే కొనండి. ఆవిడ తీసిన ఫొటోలో, రోజూ ఫొటోలు తీసే నాన్నగారు కూడా ఉంటారు!