ఆదివారం ఎవరికి సెలవు?

ఈ మధ్య ఏ వారపత్రిక తిరగేసినా, ఏ ఫోను తెరిచినా ఒకటే సలహా కనిపిస్తోంది. తీరికలేని కుటుంబాలు వారానికొక పూట కేటాయించుకుంటే చాలట, వారమంతా ఇల్లు అద్దంలా ఉంటుందట. ఆదివారం పొద్దున్నే లేచి దుప్పట్లు మార్చాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడవాలి. బూజు దులపాలి. బాత్‌రూములు కడగాలి. ఇడ్లీ పిండి రుబ్బి పెట్టుకోవాలి. అల్లం వెల్లుల్లి ముద్ద నూరి సీసాకెత్తాలి. కూరలు తరిగి డబ్బాల్లో సర్దాలి. పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టాలి. వారానికి సరిపడా సరుకుల జాబితా రాయాలి. ఇదంతా అయ్యాక "మీకోసం మీరు" ఒక అరగంట మిగుల్చుకోవాలి!

ఈ జాబితాని ఇంకోసారి చదవండి. ఎక్కడా కర్త లేదు. మార్చాలి, తుడవాలి, రుబ్బాలి, కడగాలి. ఎవరు? మన భాషలో ఉన్న వెసులుబాటు ఇది. కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. చదివే స్త్రీకి మాత్రం ఆ ఖాళీలో తన పేరే కనిపిస్తుంది. మగవాడు పేజీ తిప్పేస్తాడు. తీరిక లేనిది కుటుంబానికి, పని మాత్రం ఒక్క మనిషికి.

ఇది నేను దూరంగా నిలబడి రాస్తున్నది కాదు. చాలా ఏళ్లు నా ఆదివారాలన్నీ ఇలాగే గడిచాయి. వారంలో ఆరురోజులు బస్తీలు తిరిగి, కౌన్సెలింగులో కూర్చుని, పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగి, ఏడోరోజు కొంగు బిగించి ఇల్లంతా కడిగేదాన్ని. అది నా పద్ధతి, నా నేర్పు అనుకుని కొంత గర్వపడ్డాను కూడా. "నువ్వు బయటా ఇంట్లో రెండూ భలే చేసుకొస్తావే" అని బంధువులు అంటుంటే ఆ మాట మెచ్చుకోలులాగే వినిపించేది. రెండు ఉద్యోగాలు చేయిస్తూ ఒకదానికి జీతం ఎగ్గొడుతున్నారని ఇతరులకు ఎన్నో సభల్లో చెప్పాను. నాకు నేను చెప్పుకోలేదు.

ఆదివారం సెలవు మనకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడి 1890లో సాధించుకున్నారు. ఆ ఏడు జరిగిన పెద్ద బహిరంగ సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా మాట్లాడారు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికొక రోజు సెలవివ్వాలనీ నిర్దేశించింది. సెలవు కోసం వేదికెక్కి మాట్లాడిన ఆ స్త్రీలకి దక్కిందేమిటి? మిల్లుకి సెలవు దొరికింది. పొయ్యికి దొరకలేదు. మిల్లు మూసినరోజు ఇంట్లో మురికిగుడ్డల మూట ఎదురుచూస్తూ ఉంటుంది. కూలికెళ్లే స్త్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లకి వారానికొకరోజు పని దొరక్కపోతే అది సెలవు కాదు, పస్తు.

లెక్కలు కావాలంటే ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. జాతీయ గణాంక సంస్థ 2019లో, మళ్లీ 2024లో కాలవినియోగ సర్వేలు చేసింది. 2019లో ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 81 మంది ఏ రోజు చూసినా జీతంలేని ఇంటిపని చేస్తున్నారు. మగవాళ్లలో నూటికి 26 మంది. చేసినవాళ్ల సగటు చూస్తే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఐదేళ్ల తర్వాత ఆడవాళ్ల సగటు 289కి, మగవాళ్ల సగటు 88కి వచ్చింది. మిక్సీలొచ్చాయి, వాషింగ్ మెషీన్లొచ్చాయి, గ్యాసొచ్చింది. ఇన్ని వచ్చినా మనకి తగ్గింది పది నిమిషాలు. ఆ మాత్రం చేసే మగవాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! రోజుకి 289 నిమిషాలంటే వారానికి సుమారు 34 గంటలు. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే పని ఇందులో కలపలేదు. బయట 48 గంటలు పనిచేసి వచ్చిన స్త్రీకి ఈ గంటలు ఎక్కణ్ణుంచి రావాలి? నిద్రలోంచి రావాలి, ఆదివారంలోంచి రావాలి.

ఈ శ్రమకి విలువ కట్టడం మన దేశంలో అసలు జరగలేదని కూడా అనలేం. కోర్టులు కట్టాయి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకి నెలకి మూడువేలు అని లెక్కగట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్లతోనూ ఖైదీలతోనూ కలిపి పనిచెయ్యనివాళ్లుగా చూపించడాన్ని తప్పుపట్టింది. 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఆ 2019 సర్వే అంకెల్నే ఉదహరించారు. మంచి తీర్పులే. అయితే ఈ మూడూ ఎలాంటి కేసులు? ప్రమాదాల్లో చనిపోయినవాళ్లకి నష్టపరిహారం కేసులు. అంటే ఆమె పోయాకే ఆమె చేసిన పనికి ధర ఎంతో తెలిసింది. బతికున్న ఆడదాని ఆదివారానికి ఈ తీర్పులేవీ లెక్కగట్టలేదు.

"ఇప్పుడు మగవాళ్లు మారారు, సాయం చేస్తున్నారు కదా" అనేవాళ్లున్నారు. నా సహచరుడూ అలాంటివాడే. చెడ్డవాడు కాదు. "చెప్తే చేస్తాను కదా" అనేది ఆయన మాట. నేను చెప్పాలి. ఏం చెప్పాలో ఆలోచించాలి. చేశాడో లేదో చూడాలి. మర్చిపోతే గుర్తుచెయ్యాలి. ఎక్కువసార్లు గుర్తుచేస్తే సణుగుడు కింద లెక్క. ఒక ఆదివారం ఆయన మూడు ఫ్యాన్లు తుడిచాడు. సాయంత్రం వచ్చిన వాళ్లన్నయ్యతో ఆ సంగతి చెప్పుకున్నాడు. ఆ రోజు నేనేం చేశానో నాకే గుర్తులేదు. చెప్పుకోవడానికి అవి పనుల్లా కనిపించవు కదా! సాయం అన్న మాటలోనే మోసం ఉంది. ఎవరి పనికి వాళ్లు సాయం చెయ్యరు. సాయం చేస్తున్నానన్నాడంటే అది నా పని అని ముందే తేల్చేశాడన్నమాట.

నన్ను కదిలించింది మాత్రం ఆయన కాదు, నా కూతురు. ఒక ఆదివారం నాకు జ్వరం. మంచం మీంచి చూస్తున్నాను. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చీపురు పట్టుకుంది. దానికన్నా రెండేళ్లు పెద్దవాడు క్రికెట్ బ్యాట్ పట్టుకుని, కాళ్లెత్తి దానికి దారిచ్చి, బయటికెళ్లిపోయాడు. వాళ్లిద్దరికీ సమానత్వం గురించి నేను పాఠాలు చెప్పాను, పుస్తకాలు కొనిచ్చాను. నేను చెప్పింది ఇద్దరూ విన్నారేమో తెలియదు కానీ, నేను ఆదివారాలు ఏం చేశానో ఇద్దరూ చూశారు. చూసిందే నేర్చుకున్నారు.

ఇక్కడ ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మనలో కాస్త జీతం వచ్చేవాళ్లం ఈ బరువుని మగవాళ్ల మీదికి కాకుండా ఇంకో స్త్రీ మీదికి దించాం. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒకసారి ఆదివారాలు సెలవు కావాలంది. "ఆదివారమే కదమ్మా ఎక్కువ పనుండేది, సోమవారం మానుకో" అన్నాను. "సోమవారం మా పిల్లలు బడికి పోతారు కదమ్మా" అందావిడ. నాకు నోట మాట రాలేదు. ఇంటి పనివాళ్లకి వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికలో రాసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ధ్రువీకరించడం మాత్రం మానేసింది. ప్రభుత్వాన్ని మనం తిడతాం, తిట్టాలి కూడా. కానీ మన వంటింట్లో మన ప్రభుత్వమే కదా ఉన్నది! అక్కడ ఆ ఒడంబడికని ధ్రువీకరించడానికి ఎవరు అడ్డొచ్చారు?

"ఆడపిల్లల్ని చంపేస్తుంటే, అత్యాచారాలు జరుగుతుంటే, బూజు గురించి మాట్లాడతావా?" అని మన సంఘంలోనే ఒక మిత్రురాలు అడిగింది. సరైన ప్రశ్నే. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి వీలుగా ఉంటుందని మన నెలవారీ సమావేశాన్ని ఆదివారానికి మార్చుకున్నాం. మార్చాక హాజరు తగ్గింది. పదింటికి పెడితే పన్నెండింటికి వస్తారు, ఒంటిగంటకే "అన్నాలవేళ" అంటూ లేస్తారు. రానివాళ్లని కారణం అడిగితే ఎవరూ పెద్ద కారణం చెప్పరు. "ఆదివారం కదా అక్కా, ఇంట్లో పని." అదే ఊళ్లో ఆదివారంనాడే యూనియన్ సభలకి మగవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం దాకా కూర్చుంటున్నారు. వాళ్ల యూనిఫారాలు ఎవరు ఉతుకుతున్నారు? ఉద్యమానికి కావలసింది ముందు మనుషులు, తర్వాత వాళ్ల తీరిక. ఆ రెండో దాన్ని ఇడ్లీ పిండి మింగేస్తుంటే వరకట్నం మీద ఊరేగింపుకి ఎవరొస్తారు? పెద్ద సమస్యలకీ బూజుకీ ఉన్న సంబంధం ఇదే.

ఇల్లు శుభ్రంగా ఉండొద్దా అంటే, ఉండాలి. మురికిలో బతకడం విముక్తి కాదు. కానీ ఎంత శుభ్రం, ఎవరి కోసం, ఎవరి చేత్తో అన్న మూడు ప్రశ్నలూ అడగాలి. చుట్టాలొచ్చి వేలితో గీసి చూసే శుభ్రం మనకి అక్కర్లేదు. పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇప్పుడు అలకడానికి మట్టినేల లేదు, పాలరాయి ఉంది. తేడా అంతే.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. వారంలో చేసే పనులన్నీ కాగితం మీద రాయించాను. నేను రాయలేదు, ఆయన చేతా పిల్లల చేతా రాయించాను. మొదట పదిహేను రాశారు. గ్యాస్ బుక్ చెయ్యడం, అత్తయ్యగారి మందులు చూడటం, పాలవాడి లెక్క, ఎల్లుండి కూరేమిటని ఆలోచించడం ఇవన్నీ కూడా పనులేనని వాదించుకున్నాక నలభై దాటాయి. ఆ నలభైనీ నలుగురం పంచుకున్నాం. ఎవరి పని వాళ్లే గుర్తుపెట్టుకోవాలి, నేను చెప్పను. పనావిడకి ఆదివారం జీతంతో సెలవు. మొదటి నెలంతా ఇల్లు ఘోరంగా ఉంది. ఒక సోమవారం అబ్బాయి మాసిన చొక్కాతో బడికెళ్లాడు. నేను చూస్తూ ఊరుకోవడానికి పళ్లబిగువున ఓర్చుకోవాల్సి వచ్చింది. "మగపిల్లాడి చేత బాత్‌రూము కడిగిస్తావటే అమ్మాయ్!" అని మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడకి జవాబు చెప్పలేకపోయాను. యాభై ఏళ్లు ఒక్క ఆదివారం కూడా ఎరగని మనిషి ఆవిడ. ఇప్పటికీ మా ఇంట్లో అంతా సర్దుకుందని చెప్పను. రెండు వారాలకోసారైనా గొడవవుతోంది. ఆ గొడవ ఇన్నాళ్లూ జరక్కపోవడానికి కారణం నేను ఒక్కదాన్నే నోరుమూసుకుని చెయ్యడం.

ఇది ఒక్కో ఇంట్లో తేలే విషయం కూడా కాదు. పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రాలు కావాలి. కుళాయి నీళ్లు ఏ వేళకొస్తాయో తెలియాలి. ఇంటి పనివాళ్లకి వారపు సెలవు చట్టంలో ఉండాలి. వీటికోసం అర్జీలు రాద్దాం, ధర్నాలు చేద్దాం. ఆ పనికి కూడా ఆదివారాలే కావాలి.

వచ్చే సమావేశం ఆదివారం పొద్దున పదింటికే. ఇల్లు సర్దేసి వస్తామని ఆలస్యం చెయ్యకండి. సర్దకుండానే రండి.