చీర ఒక్కటే వెలగాలంటే...

ధర్మవరంలోనో, పెనుకొండ, హిందూపురాల్లోనో ఇంటినుంచే పట్టుచీరలు అమ్ముతున్నారా? ఫోటోలో చీర మసగ్గా వచ్చిందని మొత్తానికీ వెలుగు పెంచితే వెనకున్న గోడ తెల్లగా పాలిపోతుంది. పెంచకపోతే చీర అసలు రంగు తెలియదు. ఏం చేద్దాం?

కంప్యూటర్‌లో వాడే ‘గింప్’ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులో ఫోటో తెరిచి షిఫ్ట్, క్యూ మీటలు కలిపి నొక్కండి. ఫోటో అంతా ఎర్రటి పొర కప్పుకుంటుంది. కంగారుపడకండి! కుంచె తీసుకుని చీర మీద తెల్లరంగు పూయండి. పూసినచోటల్లా ఎరుపు తొలగిపోతుంది. చెయ్యి జారి గోడమీదికి పోయిందా? నల్లరంగు పూస్తే ఎరుపు మళ్లీ వచ్చేస్తుంది. అంచు దగ్గర సన్న కుంచె, కొంగు కుచ్చులకు మెత్తటి కుంచె వాడండి. తిరిగి అవే మీటలు నొక్కితే చీర ఒక్కటే ఎంపికవుతుంది. ఇక వెలుగు పెంచినా గోడకు అంటదు. గోరింటాకు పెట్టినచోటే పండినట్టన్నమాట!

ఒక్కమాట. చీరను పగటి వెలుతురులో పక్కనే పెట్టుకుని, ఆ రంగు వచ్చేంతవరకే దిద్దండి. అంతకుమించి మెరిపిస్తే పార్సిల్ విప్పినావిడ ఉసూరుమంటుంది. చీర వెనక్కొస్తుంది, నమ్మకం మాత్రం తిరిగి రాదు.