పేరు తీసేస్తే సరిపోతుందా?

ప్రతి ఏడాది ఆసుపత్రులు వార్షిక నివేదిక వేస్తాయి. ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని క్షయ కేసులు, ఎంతమందికి హెచ్‌ఐవీ అని పట్టికలు ఉంటాయి. లెక్కలు కావాలి, కాదనను. అవి లేకపోతే మందులు ఎన్ని తెప్పించాలో, ఏ బస్తీలో శిబిరం పెట్టాలో తెలియదు. కానీ "పేర్లు రాయలేదు కదా సిస్టర్, ఇంకేం ఇబ్బంది?" అనే మాట నేను ఒప్పుకోను.

40 కుటుంబాలున్న ఒక బస్తీ అనుకోండి. దాని ఎదురుగా "హెచ్‌ఐవీ, స్త్రీలు, 20-25 ఏళ్లు: 1" అని అచ్చయింది. ఆ వయసు ఆడపిల్లలు అక్కడ ముగ్గురో నలుగురో ఉంటారు. ఈమధ్య ఆసుపత్రికి ఎవరు తిరుగుతున్నారో ఇరుగుపొరుగుకి తెలుసు. ఇక పేరు రాయకపోయినా రాసినట్టే. ఊహ తప్పయితే మరీ ఘోరం, ఏ జబ్బూ లేని పిల్లకు పెళ్లి సంబంధం తప్పిపోతుంది.

మన సికింద్రాబాదులోనే చూశాం. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు ప్రకటించారు. రోగికి గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. వయసు, ఉద్యోగం, ప్రయాణం, ఉండే ప్రాంతం అన్నీ వార్తల్లో వచ్చేశాయి. (ఆ వివరాలు నేను ఇక్కడ మళ్లీ రాయను.) అన్నీ కలిపి చూస్తే మనిషిని పోల్చుకోవడం ఎంతసేపు?

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. గణాంకాలకు సడలింపు ఉంది, అదీ మనిషిని గుర్తుపట్టే వీలు లేనప్పుడే.

మరి ఏం చేయాలి? చిన్న అంకెలను విడిగా వేయకూడదు. అమెరికాలో సీడీసీ ప్రజలకిచ్చే మరణాల లెక్కల్లో, ఒక జిల్లాలో 10 కంటే తక్కువ ఉంటే ఆ అంకె చూపించరు. అయితే ఒక్క గడి ఖాళీగా వదిలితే చాలదు. మొత్తం 36 అని రాసి, మిగతా మూడు బస్తీలకు 14, 11, 10 అని ఇస్తే, దాచింది 1 అని మూడో తరగతి పిల్లవాడు కూడా తీసివేసి చెబుతాడు. ఇంకో గడి కూడా దాచాలి, లేదా రెండు బస్తీలు కలిపి ఒకే అంకె వేయాలి. విరాళమిచ్చేవారు వివరంగా అడుగుతున్నారని కొందరంటారు. వారికీ ఇదే చెప్పవచ్చు, అర్థం చేసుకుంటారు.

సంఘంలో ప్రార్థన అంశాల విషయమూ ఇంతే. "ఫలానా వీధి సహోదరి, రక్త పరీక్ష ఫలితం" అని ప్రేమతోనే రాస్తారు. రాసేముందు ఆమెను అడిగారా?

గుట్టు బయటపడుతుందనే భయం ఉన్నవారు పరీక్షకే రారు. క్షయ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి, భయపడి మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లోవారికీ అంటుతుంది. క్షయ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుండి తప్పనిసరి. ఆ సమాచారం చికిత్స కోసం, రోగిని కనిపెట్టుకుని ఉండటం కోసం. అందులోనిది నివేదికల్లో ఎంతవరకు అచ్చవుతుందో మా నర్సులను నిస్సంకోచంగా అడగండి. వివరించి చెప్పడం వారి డ్యూటీలో భాగమే.