బయల్దేరే ముందు అడగాల్సిందే

మన ఇళ్ళల్లో ఎవరైనా చెప్పులేసుకుని గడప దాటుతుంటే "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్ళే పని కాదంటారు. బస్సుకో రైలుకో వెళ్ళేవాళ్ళ విషయంలో ఆ ఆనవాయితీ ఎలా ఉన్నా ఫరవాలేదు కానీ, ఇంటి గ్యారేజీలో సొంతంగా కట్టుకున్న విమానంలో ఎగిరేవాళ్ళను మాత్రం ఇంట్లోవాళ్ళు అడిగి తీరాలని నా అభిప్రాయం.

ఇంట్లో విమానం కట్టడమేమిటని ఆశ్చర్యపోకండి. అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఉన్న సరదా. ఇలా కట్టుకునేవాళ్ళ సంఘం ఈఏఏ 1953లోనే మిల్వాకీలో మొదలైంది. సగానికి పైగా పని నేర్చుకోవడం కోసమో, సరదా కోసమో సొంతంగా చేసుకుంటే ప్రభుత్వం వాళ్ళు చూసి ఎగరడానికి అనుమతిస్తారు. మా పెదనాన్నగారి అబ్బాయి టెక్సాస్‌లో అలాంటి కిట్ విమానమే కడుతున్నాడు. అన్నయ్య రివెట్ గన్ పట్టుకుంటే, రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి పట్టుకునేది వదిన. రెక్కల దగ్గర ఆ పని చాలావరకు ఒక్కరి వల్ల అయ్యేది కాదట. అంత చాకిరీ చేసిన మనిషికి నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు లేదా?

మొదటి ప్రశ్న: "నన్నెప్పుడు ఎక్కిస్తావు?" కొత్తగా కట్టిన విమానాన్ని సాధారణంగా 25 నుంచి 40 గంటలు పరీక్షగా ఎగరేయాలి. ఆ గంటల్లో ప్రయాణికుల్ని ఎక్కించకూడదన్నది అక్కడి నియమం. ఆ తర్వాత కూడా, ఇది మామూలు విమానాలకుండే భద్రతా ప్రమాణాల ప్రకారం కట్టింది కాదని ప్రయాణికులకు కనబడేలా లోపల రాసి ఉంచాలి. ఆ హెచ్చరిక రాసింది మన కోసమే. చదవకుండా ఎక్కి కూర్చోవద్దు.

రెండోది: "నువ్వు కాక ఇంకెవరు చూశారు?" కట్టినవాళ్ళు తగిన సర్టిఫికెట్ తీసుకుంటే, ఏడాదికోసారి చేయాల్సిన తనిఖీని తామే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఇది సౌకర్యమే, కానీ ప్రమాదమూ ఉంది. మన కూరలో ఉప్పు తక్కువైన సంగతి మనకంటే ముందు పక్కవాళ్ళకు తెలుస్తుంది కదా! ఈఏఏలో అనుభవం ఉన్నవాళ్ళు స్వచ్ఛందంగా, ఉచితంగా వచ్చి చూసి చెబుతారు. వాళ్ళను పిలవడం చిన్నతనం కాదు. నట్టు సరిగ్గా బిగించాక దాని మీదుగా రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు కదిలితే ఆ గీత విరుగుతుంది. ఇంజనీరింగ్ చదవకపోయినా విరిగిన గీత మన కంటికీ కనబడుతుంది.

మూడోది: "పెట్రోలు కళ్ళతో చూశావా?" గ్యాస్ సిలిండర్ ఎత్తి చూసి "ఇంకో నాలుగు రోజులొస్తుందిలే" అనుకుంటామే, ఆ అంచనా ఆకాశంలో పనికిరాదు. ట్యాంకు మూత తీసి, పుల్ల పెట్టి కొలవాలి. అడుగు నుంచి కాస్త గాజు గొట్టంలోకి వదిలి నీళ్ళు చేరాయేమో చూడాలి. నీళ్ళు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున తేలిగ్గా కనబడతాయి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది: "రాత్రి నిద్రపోయావా?" ఇంజన్ సంగతి మెకానిక్‌కు తెలుస్తుంది. నడిపే మనిషి సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుస్తుంది. అర్ధరాత్రి దాకా ఆఫీసు ఫోన్లు మాట్లాడాడనీ, పొద్దున జలుబు మాత్ర వేసుకున్నాడనీ మనకు కాక ఎవరికి తెలుస్తుంది? మత్తు కలిగించే జలుబు మాత్రలు వేసుకుని విమానం నడపకూడదు.

అడిగేవాళ్ళు ఉంటే చాలా అంటే, చాలదు. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. ఆయన కొత్తవాడు కాదు, 2,700 గంటలకు పైగా అనుభవం ఉన్న పైలట్. విమానం పేరు లాంగ్-ఈజెడ్. ఎవరో ఇంట్లో కట్టుకున్నదాన్ని ఈయన కొనుక్కున్నాడు. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు పెట్రోలు మార్చే పిడి అసలు డిజైన్ ప్రకారం పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. కట్టినతను దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు. అది తిప్పాలంటే సీటులో వెనక్కి మళ్ళాలి, మళ్ళేటప్పుడు కుడికాలు తెలియకుండా పెడల్‌ని తొక్కేస్తుంది. అలా అదుపు తప్పిందని దర్యాప్తులో తేల్చారు. బయల్దేరే ముందు మెకానిక్ పెట్రోలు పోయించుకోమని అడిగాడు కూడా. గంట సేపే కదా, వద్దన్నాడాయన. పిడి అందడం లేదని ఇద్దరూ మాట్లాడుకున్నారు కూడా! అయినా ఆ రోజు ప్రయాణం ఆగలేదు.

దీంట్లోంచి నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. కట్టినవాళ్ళకు తెలిసిన గుట్టు విమానంతో పాటు కొన్నవాళ్ళకు రాదు. అమెరికాలో 2011లో జరిగిన ఇలాంటి విమాన ప్రమాదాల్లో సగానికి పైగా, సొంతంగా కట్టుకున్నవి కాక ఇతరుల దగ్గర కొన్నవే. అందుకే సెకండ్ హ్యాండ్‌ది కొంటే కొత్తగా నేర్చుకున్నట్టే మళ్ళీ నేర్చుకోవాలి. రెండో సంగతి, గడప దగ్గర అడిగే ప్రశ్నకు "ఏం కాదులే" అన్న జవాబే వస్తుంది. అందుకే ఆ నియమాలు తీరిగ్గా ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని ముందే ఖాయం చేసుకోవాలి.

భర్త సరదాకి భార్య అడ్డుపడుతోందంటారేమోనని కొందరి సంకోచం. కొన్నిసార్లు అడ్డుపడనిది మనమే. "సాయంత్రానికి పెళ్ళికి చేరకపోతే అత్తయ్య ఏమంటుంది?" అని తొందరపెట్టేది మనమే కదా! మబ్బు పట్టినా ఎగిరేలా చేసేది ఒక్కోసారి ఆ మాటే. విమానంలో వెళ్దామనుకున్న ప్రతి ప్రయాణానికీ కారులో వెళ్ళే ఏర్పాటు ముందే ఉండాలి, లేదా వెళ్ళకపోయినా ఫరవాలేదనుకోవాలి.

నేను చెప్పేది ఒక్కటే ఒప్పందం. ఇద్దరిలో ఎవరు "ఈరోజు వద్దు" అన్నా ఆ రోజు ప్రయాణం ఆగిపోవాలి. ఎందుకన్న వాదన మర్నాడు పెట్టుకోవచ్చు. హోటల్ అడ్వాన్సు పోతే పోనివ్వండి, అత్తయ్యకు కోపమొస్తే తర్వాత బతిమాలుకుందాం.